మెడికల్ క్యాంపులు చాలు, ప్రతి వృద్ధాశ్రమానికీ ఒక డాక్టరును ఇవ్వండి

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారికి, జిల్లాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో (పీహెచ్‌సీల్లో) పనిచేస్తున్న డాక్టర్లందరికీ నమస్కారం.

నేను ప్రభుత్వ ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు కోవూరు ప్రాంతంలో ఒక వృద్ధాశ్రమంలో మందుల సంగతి చూస్తున్నాను. ఎవరికి ఏ బిళ్ల ఏ పూట వెయ్యాలి, ఎన్ని మిగిలాయి, ఏవి అయిపోతున్నాయి, ఇదే నా పని. ఆశ్రమం నడిపేవాళ్లు మంచివాళ్లు. వేళకు తిండి పెడతారు, పక్కబట్టలు మారుస్తారు, పండగొస్తే బూరెలో పరమాన్నమో చేసి పెడతారు. అన్నీ ఉన్నా, ఇక్కడున్న వాళ్లలో ఒక్కరికి కూడా తనను ఎరిగిన డాక్టరు లేడు. ఈ లేఖ దాని గురించే.

నేను అడిగేది ముందే చెప్పేస్తాను. జిల్లాలో ఉన్న ప్రతి వృద్ధాశ్రమాన్నీ ఆ ప్రాంతపు పీహెచ్‌సీలో ఒక డాక్టరుకు పేరు పెట్టి అప్పగించండి. ఆ డాక్టరు చెప్పిన రోజున, కనీసం పదిహేను రోజులకొకసారి, ఆశ్రమానికి రావాలి. ఎప్పుడూ ఆ డాక్టరే రావాలి.

డాక్టర్లు మా గడప తొక్కడం లేదని నేను అనను. అక్టోబరు 1న వృద్ధుల దినోత్సవానికి వస్తారు. ఎవరిదో పుట్టినరోజుకో, ఎవరి తండ్రిగారి వర్ధంతికో క్యాంపు పెడతారు. బీపీ, షుగర్ చూస్తారు. క్యాల్షియం, బీ కాంప్లెక్స్, నొప్పుల బిళ్లలు ఇచ్చి వెళ్తారు. వాళ్ల మంచి మనసుకు దణ్ణం పెడతాను. కానీ క్యాంపుకు వచ్చిన డాక్టరు ఆ అవ్వను అంతకు ముందు చూసి ఉండరు, ఆ తర్వాత చూడరు. బీపీ 170 కనిపిస్తే ఇంకో బిళ్ల రాస్తారు. ఆమె ఆ పొద్దున బిళ్ల వేసుకోలేదా, రాత్రంతా నొప్పితో నిద్రపోలేదా, కొడుకు ఫోన్ చెయ్యలేదని టెన్షన్ పడుతోందా, అడిగే తీరిక ఆ వరసలో ఉండదు. అడిగినా చెప్పేవాళ్లు పక్కన ఉండరు. క్యాంపు అయిపోయాక మా చేతిలో ఇంకో చీటీ మిగులుతుంది, అంతే.

కొత్తగా ఎవరైనా చేరితే నేను మొదట అడిగేది మందుల సంచి. ఆ సంచి విప్పితే మనిషి ఎన్ని ఆస్పత్రులు తిరిగిందీ తెలిసిపోతుంది. కలిగిరి వైపు నుంచి చేరిన ఒక పెద్దామె సంగతి చెబుతాను. ఒక డాక్టరు బీపీకి ఆమ్లోడిపిన్ రాశారు. ఆ బిళ్లతో కొందరికి పాదాలు వాస్తాయి. ఆమెకూ వాచాయి. వాపు చూసిన ఇంకో డాక్టరు, ఒంట్లో నీరు పోవాలని ఫ్రూసెమైడ్ రాశారు. దాంతో రాత్రిళ్లు మాటిమాటికీ లేవాల్సి వచ్చింది. చీకట్లో బాత్రూముకు పోతూ పడింది. ఎముక విరగలేదు గానీ నడుం పట్టేసింది. మూడో చోట నొప్పికి డైక్లోఫెనాక్ ఇచ్చారు. అది బీపీని పెంచుతుంది, కిడ్నీల మీద భారం వేస్తుంది. బీపీ పెరిగిందని నాలుగో డాక్టరు ఇంకో బీపీ బిళ్ల కలిపారు. వీళ్లలో ఎవరినీ నేను తప్పుపట్టలేను. తన ఎదుట కనిపించిన బాధకు తగిన మందే ఎవరికి వాళ్లు రాశారు. ఆ చీటీలన్నీ తేదీల వరసలో పెట్టుకుని చూసే డాక్టరు ఒక్కరుంటే, మొదటి బిళ్ల మార్చి తక్కినవి ఆపేసేవారు. ఆ వరస నాకు కనపడింది. కానీ నేను ఫార్మసిస్టును. బిళ్ల ఆపే హక్కు నాకు లేదు, ఉండకూడదు కూడా.

టెల్మిసార్టాన్ అనే ఒకే బీపీ బిళ్ల రెండు బ్రాండు పేర్లతో రెండు స్ట్రిప్పులుగా వచ్చిన సంచులు చూశాను. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, రెండూ నమ్మకంగా వేసుకుంటున్నారు. నిద్ర బిళ్ల ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తుండదు. అది మాత్రం ఏళ్ల తరబడి నడుస్తూ ఉంటుంది. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి బీపీ చూస్తే సగం మంది ఎందుకు తూలిపడుతున్నారో తెలిసిపోతుంది. అలా చూసే వ్యవధి మీ ఓపీలో లేదని నాకు తెలుసు. అందుకే ఆశ్రమానికి రమ్మంటున్నాను.

షుగర్ గురించి ఇంకొంచెం చెప్పాలి. అరవై ఏళ్లప్పుడు మూడు పూటలా కడుపునిండా తినే మనిషికి రాసిన గ్లిమెపిరైడ్ అనే షుగర్ బిళ్ల, ఎనభై దాటి రెండు ముద్దలతో చెయ్యి కడుక్కునే మనిషికి కూడా అదే డోసులో నడుస్తోంది. తిండి తగ్గింది, ఒళ్లు తగ్గింది, కిడ్నీ పని తగ్గింది, బిళ్ల మాత్రం తగ్గలేదు. సాయంత్రం పూట మనిషి మాట్లాడకుండా మత్తుగా పడుకుంటే, వయసైపోయింది గదా నిద్రపోతోందిలే అనుకుంటారు. షుగర్ పడిపోయిందని తెలిసేసరికి ఆలస్యమవుతుంది. కొందరికి నోరు వంకరపోయినట్టు కనిపిస్తే పక్షవాతమేమో అని పరిగెత్తిస్తారు. బాగా బలహీనపడిన పెద్దవాళ్లకు మూడు నెలల షుగర్ పరీక్షలో 8 వరకు ఉన్నా పరవాలేదనీ, షుగర్ పడిపోవడమే వాళ్లకు ఎక్కువ ప్రమాదమనీ మీకు నేను చెప్పనక్కర్లేదు. కానీ డోసు తగ్గించాలంటే ఆ మనిషి ఏం తింటోందో, పోయిన నెలకూ ఈ నెలకూ ఏం మారిందో తెలియాలి. కొత్తగా మందు రాయడానికి ఓపీలో రెండు నిమిషాలు సరిపోతాయేమో. పాత మందు ఆపడానికి సరిపోవు.

మన జిల్లా ఎండ సంగతి కూడా కలపాలి. రోహిణి కార్తెలో నెల్లూరు ఎలా ఉంటుందో చెప్పే పని లేదు. బాత్రూముకు లేవాల్సి వస్తుందని పెద్దవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. దాహం కూడా వయసుతో తగ్గిపోతుంది. దాని మీద నీరు పోయే బిళ్ల, బీపీ బిళ్ల మామూలుగానే నడుస్తుంటే సోడియం పడిపోయి మాట తడబడుతుంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. ఏప్రిల్ చివర్లో ఒక డాక్టరు వచ్చి ఎవరికి ఏ బిళ్ల ఎండాకాలం వరకు తగ్గించాలో రాసిపెడితే ఎన్ని ప్రాణాలు తెరిపిన పడతాయో. ఉదయగిరి వైపు మెట్ట పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు, నడుము బిగుసుకుపోయిన పెద్దవాళ్లు నొప్పుల బిళ్ల లేనిదే రోజు గడపలేరు. వాళ్ల కిడ్నీలు ఎలా ఉన్నాయో క్రియాటినిన్ పరీక్షతో ఎప్పటికప్పుడు చూస్తుండాలి. క్యాంపులో అది జరగదు.

రాత్రి పూట ఎవరికైనా బాగోలేకపోతే మాకు గుర్తొచ్చేది ఆర్ఎంపీ. ఈ మాట రాయడానికి నాకు కష్టంగానే ఉంది. ఎన్ని గంటలకు ఫోన్ చేసినా బండేసుకుని వస్తాడు. ప్రతి తాతనూ పేరు పెట్టి పిలుస్తాడు. పోయినసారి ఏ సూది వేశాడో అతనికి గుర్తు. ఫ్యామిలీ డాక్టరు చెయ్యాల్సిన పనిలో సగం అతను చేస్తున్నాడు. చదువు లేని సగమే ప్రాణం మీదకు తెస్తోంది. ఆయాసానికి, నొప్పులకు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ సూది వేస్తే ఆ రాత్రికి హాయిగా ఉంటుంది, మర్నాడు షుగర్ ఆకాశానికి పోతుంది. గుండె బలహీనంగా ఉన్న మనిషికి నీరసమని సెలైన్ ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. పెద్దవాళ్లకు ఇన్ఫెక్షన్ వచ్చినా జ్వరం రాకపోవచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్న అవ్వ నిన్నటిదాకా బాగా మాట్లాడి, ఇవాళ ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడుతుంది, లేదంటే అన్నం వద్దని గోడకు తిరిగి పడుకుంటుంది. దాన్ని మతిమరుపు అని వదిలేస్తున్నారు. ఆమె మామూలుగా ఎలా ఉంటుందో తెలిసిన డాక్టరైతే ఫోన్‌లో విన్నా పట్టేస్తారు.

మన రాష్ట్రంలో ఫ్యామిలీ డాక్టర్ విధానం ఉండగా ఇదంతా ఎందుకు రాస్తున్నానని మీరు అడగవచ్చు. 2023 ఏప్రిల్ 6న అది అధికారికంగా మొదలైనప్పుడు సంతోషించిన వాళ్లలో నేనూ ఉన్నాను. పీహెచ్‌సీలో ఇద్దరు డాక్టర్లు, ఒకరు అక్కడే ఓపీ చూస్తే ఇంకొకరు 104 బండితో ఊళ్లకు రావడం, పొద్దున విలేజ్ క్లినిక్‌లో చూసి మధ్యాహ్నం మంచం పట్టిన వాళ్ల ఇళ్లకు వెళ్లడం, నెలకు రెండుసార్లు అదే ఊరికి అదే డాక్టరు. నేను అడుగుతున్నదీ సరిగ్గా ఇదే. ఆ ఏర్పాటు ఇంటిని లెక్కలోకి తీసుకుంది గానీ ఆశ్రమాన్ని తీసుకోలేదు. ఆశా కార్యకర్త చేతిలో ఉండేది ఇళ్ల జాబితా. మా ఆశ్రమంలో ఉన్న తాతల ఆధార్, రేషన్ కార్డు, పింఛను అన్నీ సొంత ఊళ్లలోనే ఉన్నాయి. ఒకరిది అల్లూరు, ఒకరిది రాపూరు, ఇంకొకరిది కందుకూరు వైపు. అక్కడి ఏఎన్ఎం రిజిస్టరులో పేరుంటుంది, మనిషి ఉండడు. ఇక్కడి రిజిస్టరులో మనిషి ఉన్నా పేరుండదు. 104 బండి మా గేటు ముందు నుంచే ఊళ్లోకి పోతుంది, మా దగ్గర ఆగదు. డ్రైవరుదో డాక్టరుదో తప్పని నేననను. రూట్ చార్టులో మేము లేము.

శాఖలు వేరు కావడం ఇంకో అడ్డంకి. వృద్ధాశ్రమాల వ్యవహారం వయోవృద్ధుల సంక్షేమ శాఖది, డాక్టర్లు మీ శాఖ. ఆశ్రమాల జాబితా ఒక ఆఫీసులో, డాక్టర్ల జాబితా ఇంకో ఆఫీసులో ఉంటే ఆ రెంటినీ పక్కపక్కన పెట్టేదెవరు? కలెక్టరు గారు ఒక్క సమావేశం పెడితే సరిపోతుంది. రిజిస్ట్రేషన్ లేని ఆశ్రమాలు కూడా ఉన్నాయి. అక్కడి పెద్దవాళ్లకు అవసరం ఇంకా ఎక్కువ.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 20వ సెక్షన్ ప్రభుత్వాస్పత్రుల్లో వృద్ధులకు పడకలు, వేరే క్యూలు, జిల్లా ఆస్పత్రిలో ప్రత్యేక సదుపాయం ఉండాలంటుంది. 2010-11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం పీహెచ్‌సీలో వారానికో రోజు వృద్ధుల క్లినిక్ పెట్టమంటుంది. 2024 అక్టోబరు చివర్లో వచ్చిన వయ వందన కార్డు డెబ్బై నిండినవాళ్లకు, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఆస్పత్రి ఖర్చు ఇస్తుంది. అన్నీ మంచివే. కానీ ఇవి ఎక్కువగా మనిషి ఆస్పత్రికి చేరాక పనికొచ్చేవి. లేచి కూర్చోలేని మనిషిని ఆటోలో పడుకోబెట్టి, ఒక ఆయాను తోడిచ్చి, పీహెచ్‌సీకో దర్గామిట్ట పెద్దాస్పత్రికో తీసుకుపోతే ఆ పూట మిగతా వాళ్లను చూసేవాళ్లుండరు. అందుకని చిన్న చిన్న జబ్బులకు ఎవరినీ తీసుకుపోరు. అవి పెద్దవయ్యాక పొగతోటలో ఏదో ఒక ఆస్పత్రికి పరిగెత్తడం, పిల్లలు హైదరాబాదు నుంచో అమెరికా నుంచో డబ్బు పంపడం జరుగుతోంది. పిల్లలు లేనివాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

ఇంగ్లండులో 2020 అక్టోబరు నుంచి ప్రతి కేర్ హోమ్‌నూ ఆ ప్రాంతంలోని ఫ్యామిలీ డాక్టర్ల బృందానికి అప్పగించారు. హోమ్‌కు బాధ్యత వహించే ఒకరి పేరు రాసి ఉంటుంది. వారానికొకసారి రౌండు ఉంటుంది. ప్రతిసారీ డాక్టరే రావాలని లేదు, బృందంలోని నర్సు కూడా రావచ్చు. అందరినీ చూడాలని కూడా లేదు. ఈ వారం ఎవరిని చూడాలో హోమ్ సిబ్బంది చెబుతారు. కొత్తగా చేరిన మనిషిని ఏడు పనిదినాల్లోగా పూర్తిగా పరీక్షించి ఏ జాగ్రత్తలు తీసుకోవాలో రాసిపెడతారు. ఎవరు ఏ మందులు వాడుతున్నారో ఫార్మసిస్టు కూర్చుని సరిచూస్తాడు. అక్కడా డాక్టర్లు సరిపోవడం లేదు. అందుకే పనిని ఇలా పంచుకున్నారు. మనకు కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు (సీహెచ్‌వోలు) ఉన్నారు, ఏఎన్ఎంలు ఉన్నారు, దూరం నుంచే డాక్టరుతో మాట్లాడించే ఈ-సంజీవని ఉంది. డాక్టరు పదిహేను రోజులకొకసారి వచ్చి, మధ్యలో సీహెచ్‌వో ఒకసారి తొంగిచూసి, అవసరమైతే ఫోన్‌లో డాక్టరును కలిపితే మాకు అదే పదివేలు.

మీ పని బరువు నాకు తెలుసు. పీహెచ్‌సీలోనే బతికినవాణ్ణి. ఓపీ, యాప్‌లు, రిపోర్టులు, మీటింగులు, ఉన్న ఇద్దరిలో ఒకరు సెలవు పెడితే రెండో వారికి పడే శిక్ష, అన్నీ కళ్లారా చూశాను. అయినా ఇది కొత్త బరువు కాదని నా నమ్మకం. ఇవాళ చూడని పడక పుండు రేపు మీ దగ్గరకే చీముతో వస్తుంది. గజ్జి సంగతే తీసుకోండి. ఒకరికి వచ్చిందని ఒకరికే పెర్మెత్రిన్ పూతమందు చీటీ రాసి పంపితే ఆశ్రమంలో అది ఏడాదంతా తిరుగుతూనే ఉంటుంది. అందరికీ, వంటమనిషితో సహా, ఒకే రోజు ఒంటికి పట్టించి, పక్కబట్టలన్నీ వేడినీళ్లలో ఉతికిస్తే పోతుంది. ఆ మాట చెప్పడానికి ఆశ్రమం మొత్తాన్నీ ఒక్కటిగా చూసే డాక్టరు కావాలి.

ఇక చావు గురించి. దీని గురించి మాట్లాడటానికి అందరూ వెనకాడతారు, కానీ మా దగ్గర ఉన్నవాళ్లకు ఇది రోజూ మనసులో మెదిలే సంగతే. నెలల తరబడి క్షీణించి, ఇక ఒకటి రెండు రోజులే అని అందరికీ తెలిసిన పెద్దాయనను కూడా ఆఖరి రాత్రి 108 పిలిచి ఆస్పత్రికి పంపుతున్నాము. బతికిస్తారని ఆశతో కాదు. ఆశ్రమంలో పోతే కారణం రాసిచ్చే డాక్టరు లేడని, పోలీసులు అడుగుతారేమో, బంధువులు నిలదీస్తారేమో అని భయంతో. చివరి జబ్బులో చూసిన డాక్టరు మరణ కారణం రాసివ్వాలని 1969 జనన మరణాల నమోదు చట్టం చెబుతోంది. చూసిన డాక్టరే లేనప్పుడు ఎవరు రాస్తారు? ఆ పెద్దాయన తన మంచం మీద, తనను ఎరిగిన ఆయా చెయ్యి పట్టుకుని పోవలసినవాడు, క్యాజువాలిటీలో లైట్ల కింద ఎవరో తెలియని వాళ్ల మధ్య పోతున్నాడు. కేరళ 2008లోనే పాలియేటివ్ సంరక్షణకు, అంటే నయం కాని జబ్బులో బాధ తగ్గించి చూసుకోవడానికి, విధానం ప్రకటించి, పంచాయతీల ద్వారా నర్సులను ఇళ్లకు పంపే ఏర్పాటు చేసుకుంది. మనకు అంత పెద్ద ఏర్పాటు వచ్చేదాకా, కనీసం ఒక డాక్టరు ముందే వచ్చి, పెద్దాయనతో, పిల్లలతో మాట్లాడి, ఆస్పత్రికి వద్దనుకుంటే ఆ మాట ఫైలులో రాసి, నొప్పి లేకుండా చూసే మందు రాసి పెట్టాలి.

మా వైపు నుంచి చెయ్యాల్సినవీ ఉన్నాయి. డాక్టరు వచ్చే రోజుకు ప్రతి మనిషికీ ఒక ఫైలు, అందులో వాడుతున్న అన్ని మందుల జాబితా, వారం వారం బీపీ, నెలకోసారి బరువు, పడిపోయిన తేదీలు రాసి ఉండాలి. రౌండులో పక్కన నిలబడి జవాబు చెప్పే బాధ్యత ఒకరిదై ఉండాలి. పుండు పడితే దుప్పటి కప్పి దాచకూడదు. తోటి నిర్వాహకులు కొందరు డాక్టరు వస్తే తనిఖీ చేసి రిపోర్టు రాస్తారని భయపడుతున్నారని నాకు తెలుసు. డాక్టరు గారూ, మీరు ఇన్‌స్పెక్టరుగా రావద్దు, వైద్యులుగా రండి. అయితే ఎవరినైనా మంచానికి కట్టేసి ఉంచారని, తిండి సరిగా పెట్టడం లేదని కళ్లబడితే మాత్రం నోరు మూసుకుని వెళ్లిపోవద్దు. ఈ రెండు మాటలూ కలిపి నిర్వాహకులకు మొదటి రోజే చెప్పండి. మంచి ఆశ్రమాలకు ఏ అభ్యంతరమూ ఉండదు.

జిల్లా అంతా ఒకేసారి కుదరకపోతే కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం, కావలి మండలాల్లో మొదలుపెట్టండి. వచ్చే నెల 104 రూట్ చార్టు వేసేటప్పుడు ఆయా ఊళ్ల పక్కన వృద్ధాశ్రమం పేరు, డాక్టరు పేరు, తేదీ కలపమని కోరుతున్నాను. సొంత ఊరు ఎక్కడిదైనా సరే, ఆశ్రమంలో ఉంటున్న వాళ్ల పేర్లు ఇక్కడి ఏఎన్ఎం రిజిస్టరులో ఎక్కించమని ఒక ఉత్తర్వు ఇవ్వండి. మందుల జాబితాలు తయారుచేసే పనికి రిటైరైన ఫార్మసిస్టులం ముందుకొస్తాం. నాతో పాటు ఉద్యోగం చేసినవాళ్లలో కొందరితో ఇప్పటికే మాట్లాడాను. మీరు ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు,
కోవూరు ప్రాంతం, నెల్లూరు జిల్లా